పసుపు కొమ్ముకూ కణితికీ నడుమ

తెనాలి నుంచి విజయవాడ వెళ్లే రైలు దారిలో దుగ్గిరాల తగులుతుంది. ఆంధ్రదేశంలో పసుపు వ్యాపారం అనగానే ముందు గుర్తొచ్చే యార్డుల్లో అదొకటి. కృష్ణ ఒడ్డున కొల్లిపర, కొల్లూరు వైపు పొలాల్లో తొలకరికి నాటిన పసుపు సంక్రాంతి దాటాక తవ్వకానికి వస్తుంది. తవ్విన దుంపల్ని ఉడకబెట్టి, కల్లంలో రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టి, కొమ్ములు వేరు, కాయలు వేరు చేసి బస్తాలకెత్తుతారు. ఎండిన కొమ్మును విరిచి చూస్తే లోపల కనిపించే ముదురు నారింజ రంగుకు కారణం కర్క్యుమిన్ అనే పదార్థం. ఎండు పసుపులో అది మామూలుగా నూటికి 2 నుంచి 5 పాళ్లు ఉంటుంది. మేఘాలయ లకడాంగ్ రకంలో 7 పాళ్ల దాకా ఉంటుంది. మిగతాది పిండిపదార్థం, పీచు, తేమ, కొద్దిగా సువాసన నూనె. ఈ అధ్యాయమంతా ఆ కొద్ది పాళ్ల గురించే. తెనాలిలోనో రేపల్లెలోనో బాపట్లలోనో ఒక ఇంట్లో క్యాన్సర్ అని తేలితే, పలకరించడానికి వచ్చిన నలుగురిలో ఒకరైనా పసుపు మాట ఎత్తుతారు. పాలల్లో కలిపి తాగమంటారు, మిరియాలతో నూరి తీసుకోమంటారు, కర్క్యుమిన్ బిళ్లలు తెప్పించుకోమంటారు. కొందరు ఆస్పత్రి వైద్యానికి తోడుగా వాడమంటారు, ఇంకొందరు కీమో మానేసి ఇదే వాడమంటారు. ఈ రెండు సలహాలకూ మధ్య ఉన్నది ప్రాణం మీదికి వచ్చే తేడా. అందుకే దీన్ని ఓపికగా విచారించాలి.

పసుపు పక్షాన ఉన్న సాక్ష్యాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. కర్క్యుమిన్‌ను మొదటిసారి వేరుచేసింది 1815లో, దాని అణునిర్మాణం తేలింది 1910లో. 1980ల నుంచి ప్రయోగశాలల్లో దాన్ని రొమ్ము, పేగు, క్లోమం, రక్త క్యాన్సర్ కణాల మీద పోసి చూస్తూ వచ్చారు. దాదాపు అన్నిచోట్లా కణాల పెరుగుదల తగ్గింది, చాలాచోట్ల కణాలు చనిపోయాయి. ఎలుకలకు క్యాన్సర్ తెప్పించే రసాయనాలతో పాటు పసుపు పెడితే కొన్ని రకాల కణితులు తక్కువగా వచ్చాయి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి బృందం 1992లో ప్రచురించిన అధ్యయనం చిన్నదే అయినా శ్రద్ధగా చేసింది. ఏళ్ల తరబడి పొగతాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు 30 రోజుల పాటు ఇస్తే, జన్యువుల్ని దెబ్బతీసే పదార్థాలు వాళ్ల మూత్రంలో స్పష్టంగా తగ్గాయి. అంతకు ముందే, 1987లో, త్రిస్సూరు అమలా క్యాన్సర్ ఆస్పత్రిలో రామదాసన్ కుట్టన్ బృందం చర్మం మీదికి పుండై బయటపడిన క్యాన్సర్లున్న 62 మందికి పసుపు లేపనం వాడి, చాలామందిలో దుర్వాసన, దురద తగ్గాయని రాసింది. ఇన్ని ఆధారాలుండగా ఇంకా అనుమానం దేనికన్నది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: ప్రయోగశాల గాజుపాత్రలో కణానికి దొరికినంత కర్క్యుమిన్ మనిషి ఒంట్లో కణితికి దొరకదు. అది నేరుగా తగిలే చోట్ల మాత్రం, తగిలిన మేరకు, ఏదో పనిచేసిన జాడలున్నాయి. పసుపు గురించి ఇప్పటిదాకా తేలిన మంచీ చెడూ చాలావరకు ఈ ఒక్క లెక్కలోంచే పుట్టుకొస్తాయి.

ఆ లెక్క వేసి చూద్దాం. పసుపు బాగా వాడే ఇంట్లో మనిషి రోజుకు తినేది రెండు, రెండున్నర గ్రాములు. అందులో కర్క్యుమిన్ 60 నుంచి 100 మిల్లీగ్రాములు. గాజుపాత్రలో క్యాన్సర్ కణాలు చావడానికి వాడే సాంద్రత సాధారణంగా 5 నుంచి 50 మైక్రోమోలార్. 10 మైక్రోమోలార్ అంటే ఒక్కో మిల్లీలీటరుకు దాదాపు 3,700 నానోగ్రాములు. ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం 2008లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. ముదిరిన క్లోమ క్యాన్సర్ ఉన్న 25 మందిని అందులో చేర్చుకుని రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ ఇచ్చారు. నూటికి 3 పాళ్ల పసుపుతో అంత కర్క్యుమిన్ రావాలంటే రోజుకు పావు కిలోకు మించి పసుపు పొడి తినాలి. ఏ ఒంటికీ పట్టే తిండి కాదది. అంత ఇచ్చినా రక్తంలో కనిపించిన గరిష్ఠం మిల్లీలీటరుకు 22 నుంచి 41 నానోగ్రాములు. గాజుపాత్రలో అక్కరకొచ్చిన దానిలో వందో వంతు, అటూ ఇటుగా. ఫలితాన్ని అంచనా వేయడానికి వీలైన 21 మందిలో ఒకరికి రోగం ఏడాదిన్నరకు పైగా ముదరకుండా నిలిచింది. మరొకరికి కణితి బాగా తగ్గి, కొద్దికాలానికే మళ్లీ పెరిగింది. మిగతావాళ్లకు ప్రయోజనం కనబడలేదు. కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, పేగు దాన్ని సరిగా పీల్చుకోదు, పీల్చుకున్న కాస్తనూ పేగు గోడా కాలేయమూ వెంటనే మార్చేసి బయటికి పంపే ఏర్పాటు చేస్తాయి. మింగిన దానిలో అధికభాగం మలంతో పోతుంది.

మిరియాలు కలిపితే ఒంటబడుతుందన్న మాటకు ఆధారం లేకపోలేదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, మనుషుల రక్తంలో కర్క్యుమిన్ లభ్యత ఇరవై రెట్లు పెరిగింది. ఇరవై రెట్లు వినడానికి గొప్పగా ఉంటుంది. మిరియాలు లేకుండా ఇచ్చినప్పుడు వాళ్ల రక్తంలో కర్క్యుమిన్ కొలతకు అందీ అందనంత ఉందన్న సంగతి కూడా చెప్పుకుంటేనే ఆ అంకెకు అర్థం వస్తుంది. పెరిగింది కూడా మొదటి గంటలోనే. ఇంకొకటి, పైపెరిన్ చేసింది కాలేయం, పేగు చేసే శుద్ధి పనిని కాసేపు ఆపడం. ఆ శుద్ధి యంత్రాంగమే మనం మింగే ఇతర మందుల్నీ మోతాదు మించకుండా కాచుకుంటుంది. కీమో నడుస్తున్న మనిషిలో దాన్ని ఆపడం ఎంత ప్రమాదమో తర్వాత చూద్దాం.

కర్క్యుమిన్ ఎలాంటి అణువో తెలుసుకోవడానికి మన ఇళ్లలో ప్రయోగం ఎప్పుడూ జరుగుతూనే ఉంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే క్షణంలో ఎర్రబడుతుంది. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి, హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు అలా తయారయ్యేవే. క్షారం తగలగానే అణువు రూపం మారి కాంతిని పీల్చుకునే తీరు మారుతుంది, ఆ తర్వాత అణువే ముక్కలవడం మొదలవుతుంది. మన రక్తం కూడా రవ్వంత క్షారమే. ఆ స్థాయి క్షారమున్న ద్రావణంలో, కాపాడే ప్రోటీన్లు లేనప్పుడు, అరగంటలో నూటికి 90 వంతుల కర్క్యుమిన్ విచ్ఛిన్నమవుతుందని 1997లోనే కొలిచారు. ఇది దొరికిన ప్రతి ప్రోటీన్‌కూ అతుక్కుంటుంది, లోహాల్ని పట్టుకుంటుంది, కణపు పొరను కదిలిస్తుంది, పైగా తనే వెలుగు చిమ్ముతుంది. మందు కోసం వెతికే ప్రయోగశాల పరీక్షల్లో చాలావాటికి కొలమానం రంగూ వెలుగే. కాబట్టి అక్కడ కర్క్యుమిన్ ఏ జబ్బు మీద పెట్టినా పనిచేసినట్టే కనబడుతుంది. 2017లో కాథరిన్ నెల్సన్, మైకేల్ వాల్టర్స్ తదితరులు ‘జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ’లో ఈ సంగతులన్నీ సమగ్రంగా సమీక్షించారు. అప్పటికి జరిగిన 120కి పైగా మానవ పరీక్షల్లో, ఉత్తుత్తి బిళ్లతో పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరిపిన ఏ పరీక్షా విజయవంతం కాలేదని వాళ్లు తేల్చారు. వందల రోగాలకు ఒకే మందు అన్న మాట వినగానే కలగాల్సిన అనుమానం ఇక్కడ రసాయనశాస్త్రం నుంచే వచ్చింది.

ఈ కథలో మరో చేదు ఘట్టం ఉంది. కర్క్యుమిన్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ఎం.డి. ఆండర్సన్‌లో పనిచేసిన భరత్ అగర్వాల్. ఆయన వ్యాసాలను వేలమంది ఉటంకించారు. ఆ వ్యాసాల్లోని బొమ్మల మీద అభ్యంతరాలు వచ్చి, విచారణ జరిగి, ఇరవైకి పైగా వ్యాసాలను పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. దీనివల్ల కర్క్యుమిన్ మీద వచ్చిన ప్రతి పరిశోధనా అబద్ధమైపోదు. ప్రపంచంలో ఇతర బృందాలు నిజాయితీగా చేసిన పని చాలా ఉంది. అయితే పసుపు బిళ్లల అట్టపెట్టె మీద కనిపించే ‘వేల పరిశోధనలు’ అన్న మాటను తూచేటప్పుడు ఇది గుర్తుండాలి. వెనక్కి తీసుకున్న వ్యాసాన్ని నమ్మి దాని మీద కట్టిన వ్యాసాల్ని ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఇక అది తగిలే చోట్ల సంగతి. కర్క్యుమిన్ రక్తంలోకి వెళ్లకపోయినా నోటినీ, పేగునూ, పుండు మీద రాస్తే చర్మాన్నీ తాకుతుంది. ఇంగ్లండులోని లెస్టర్ బృందం పేగు క్యాన్సర్ రోగులకు రోజుకు 3.6 గ్రాములు ఇచ్చి చూసినప్పుడు పేగు కణజాలంలో అది లెక్కించదగినంతగా దొరికింది. అదే బృందం కాలేయ కణితుల్లో వెతికితే దాదాపు లేదు. అందుకే ఆశ పెట్టుకోదగిన ఫలితాలన్నీ ఈ చోట్ల నుంచే వచ్చాయి. వాటిలో కూడా జాగ్రత్త నేర్పే ఉదాహరణ ఒకటుంది. వంశపారంపర్యంగా పేగులో వందల బొడిపెలు మొలిచి క్యాన్సర్‌కు దారితీసే జబ్బు ఒకటి ఉంది. 2006లో ఐదుగురు రోగులకు కర్క్యుమిన్‌తో పాటు ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్ ఇస్తే బొడిపెలు నూటికి 60 వంతులు తగ్గాయి. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అదే పరిశోధకురాలు మార్సియా క్రూజ్-కొరియా అంతటితో ఊరుకోలేదు. 44 మందిని తీసుకుని, సగంమందికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్, సగంమందికి ఉత్తుత్తి బిళ్ల ఏడాది పాటు ఇచ్చి, 2018లో ఫలితం ప్రకటించారు: బొడిపెల సంఖ్యలో గానీ పరిమాణంలో గానీ తేడా లేదు. తన మొదటి ఫలితాన్ని తానే మరింత కఠినంగా పరీక్షించి, వచ్చినదాన్ని దాచకుండా చెప్పిన ఆమె పట్ల నాకు గౌరవం. మొదటి వార్త విన్న వాళ్లలో రెండోది చెవిన పడినవాళ్లు బహుశా కొద్దిమందే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఆధునిక వైద్యానికి మొక్కలంటే చిన్నచూపు, అందుకే పసుపుకు ఇన్ని పరీక్షలు పెడుతున్నారు అని. దీనికి జవాబు బాపట్ల దగ్గరే ఉంది. సూర్యలంక దారిలో ఇసుక నేలల్లో ఎవరూ నీళ్లు పోయకుండా, గులాబీ రంగు పూలతో పెరిగే బిళ్లగన్నేరు అందరికీ తెలుసు. చక్కెర జబ్బుకు దాని ఆకు నమలడం మన దగ్గరా ఉంది, అటు జమైకాలోనూ ఉంది. 1952లో జమైకా నుంచి కొన్ని ఆకులు కెనడాలోని వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు వచ్చాయి. ఆయన వాటిని తన తమ్ముడు రాబర్ట్ నోబుల్ ప్రయోగశాలకు పంపించాడు. ఎలుకలకు తినిపిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు కొద్దిరోజుల్లో ఒంటినిండా చీముపట్టి చచ్చిపోయాయి. ఇక్కడితో ఆకుల్ని పారేసి ఉంటే కథ ముగిసేది. నోబుల్ ఆ చావులకు కారణం వెతికాడు. తెల్లరక్తకణాలు పడిపోయి, ఎలుకలు అంటురోగాలను తట్టుకోలేకపోయాయని తేలింది. తెల్లకణాల్ని ఇంతగా తగ్గించేది, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌కు పనికిరాదా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను లోకానికి తెలియజేశారు. అమెరికాలో ఎలై లిల్లీ సంస్థలో గోర్డన్ స్వొబోడా విడిగా పనిచేసి విన్‌క్రిస్టిన్ తీశాడు. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ రోజుకూ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ లేని పద్ధతి అరుదు. ఒక గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. రోగికి ఒకసారి ఎక్కించే మోతాదు మాత్రం మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. 8 గ్రాముల కర్క్యుమిన్ పక్కన ఈ 2 మిల్లీగ్రాములను పెట్టి చూడండి: నాలుగువేల వంతు. అది రక్తంలోకి వెళుతుంది, కణం రెండుగా చీలే యంత్రాంగాన్ని పట్టుకుంటుంది, మోతాదు కాస్త మించితే నరాల్ని దెబ్బతీస్తుంది. ఆకు నమిలి ఆ మోతాదును అందుకోవడం గానీ, అదుపులో పెట్టుకోవడం గానీ కుదిరే పని కాదు.

బిళ్లగన్నేరు పసుపుకన్నా పవిత్రమైందేమీ కాదు, ప్రాచీన వైద్యంలో పసుపుకున్న పేరు దానికి లేదు. పరీక్షకు నిలబడింది కాబట్టి వైద్యంలోకి వచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి రెండు దశాబ్దాల పాటు సుమారు 35,000 మొక్కల జాతుల్ని జల్లెడ పట్టించింది. ఆ మహాప్రయత్నం నుంచి చివరికి రోగుల దాకా చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్, చైనా చెట్టు ఒకదాని నుంచి వచ్చిన కాంప్టోథెసిన్ తాలూకు మందులు వాటిలో ముఖ్యమైనవి. గాజుపాత్రలో క్యాన్సర్ కణాన్ని చంపిన మొక్కలు వేలు. ఆ వేలల్లో పసుపు ఒకటి.

పేటెంటు రాదు కాబట్టి మందుల కంపెనీలు పసుపును తొక్కేశాయన్న ఆరోపణ కూడా తరచు వినబడుతుంది. మందుల కంపెనీలు లాభం చూసుకుంటాయన్నది నిజం, వాటి మీద నిఘా ఉండాల్సిందే. పసుపు విషయంలో మాత్రం ఈ మాట నిలవదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలు కర్క్యుమిన్ పరిశోధనలకు 15 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. అది ప్రజల సొమ్ము, కంపెనీలది కాదు. పాషాణమని మనం భయపడే ఆర్సెనిక్‌కు పాత చైనా వైద్యంలో మందుగా చోటుండేది. ఎవరి సొంతమూ కాని ఆ పాత పదార్థం హర్బిన్ నగర వైద్యులు 1970లలో మొదలుపెట్టిన పనితో ఒక రకం రక్త క్యాన్సర్‌కు ప్రపంచమంతా వాడే చికిత్స అయింది. ఫలితం అంత స్పష్టంగా ఉంది కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. పసుపు మీద మనకున్న హక్కును కాపాడింది కూడా ఇలాంటి ఆధారాలే. గాయాలు మానడానికి పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలూ వ్యాసాలూ చూపించి 1997లో రద్దు చేయించింది.

పసుపు తినే దేశం కాబట్టి మనకు క్యాన్సర్ తక్కువన్న వాదనను కూడా చూడాలి. అమెరికాతో పోలిస్తే లక్షమందికి ఇన్ని కేసులన్న లెక్కలో మనం కిందనే ఉన్నాం. దానికి పసుపే కారణమని చెప్పాలంటే ఆయుర్దాయం, పరీక్షలు చేయించుకునే అలవాటు, ఊబకాయం, పిల్లల్ని కనే వయసు, కేసులు నమోదయ్యే తీరు అన్నీ పక్కన పెట్టాలి. మన దేశంలోనే పోలిక చూస్తే, భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన నమోదు లెక్కల్లో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది హైదరాబాదు జిల్లాలో, లక్షమంది స్త్రీలకు 48. పప్పులో, పులుసులో, పచ్చడిలో పసుపు పడని వంట ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఉంటుంది? దేశం మొత్తం మీద 2022 అంచనా ప్రకారం ఏడాదికి 14 లక్షల కొత్త కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు. నోటి క్యాన్సర్ ప్రపంచంలోకెల్లా బరువుగా ఉన్న దేశాల్లో మనది ఒకటి. పొగాకు చేసే చెరుపును కూరలోని పసుపు ఆపలేకపోతోంది.

మా వాళ్లకు తగ్గింది అన్న సాక్ష్యం అన్నిటికన్నా బలంగా మనసును తాకుతుంది, తాకాలి కూడా. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ తన భార్యకు నాలుగో దశ క్యాన్సర్ నిమ్మరసం, పసుపు, వేపాకు వంటివాటితో కూడిన ఆహారనియమంతో తగ్గిందని చెప్పినప్పుడు దేశమంతా విన్నది. టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పనిచేస్తున్న, పూర్వం పనిచేసిన 262 మంది క్యాన్సర్ వైద్యులు వెంటనే ఒక ప్రకటన విడుదల చేశారు. పసుపూ వేపా క్యాన్సర్‌ను తగ్గిస్తాయనడానికి నాణ్యమైన ఆధారం లేదని, నిరూపితమైన వైద్యాన్ని ఆలస్యం చేయవద్దని కోరారు. ఆమెకు శస్త్రచికిత్స, కీమో కూడా జరిగాయి. ఆహారనియమం వైద్యుల సలహాతోనే నడిచిందని సిద్ధూ తర్వాత వివరణ ఇచ్చారు. ఇక్కడ ఎవరి నిజాయితీనీ శంకించనక్కర్లేదు. రెండు మూడు చికిత్సలు కలిసి నడిచినప్పుడు ఏది పనిచేసిందో ఆ ఒక్క రోగిని చూసి చెప్పడం ఆ రోగికి గానీ, భర్తకు గానీ, వైద్యుడికి గానీ సాధ్యం కాదు. పైగా తగ్గినవాళ్లు చెప్పడానికి ఉంటారు. పసుపు వాడి పోయినవాళ్ల కథ చెప్పుకునే సందర్భం ఇంట్లోవాళ్లకు రాదు, వచ్చినా చెప్పుకోరు.

పోనీ, తగ్గకపోయినా నష్టం లేదు కదా అంటారు. నా దృష్టిలో అన్ని వాదాల్లోకీ ప్రమాదకరమైంది ఇదే. మంచి పదార్థం రోగంలో కూడా మంచే చేస్తుందన్న నమ్మకాన్ని తొలిచేసిన చరిత్రలో మన తెలుగువాడు ఉన్నాడు. పాలకూర ఆకుల నుంచి 1941లో వేరుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆరోగ్యవంతులకు అత్యవసరమైన విటమిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఆ విటమిన్ తాలూకు పదార్థాలు ఇచ్చినప్పుడు రోగం ఇంకా వేగంగా ముదిరినట్టు గమనించాడు. అప్పుడు సుబ్బారావు బృందం దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్ అందించింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. కర్క్యుమిన్ విషయంలోనూ ఇలాంటి హెచ్చరిక ఉంది. 2002లో ప్రచురితమైన ప్రయోగాల్లో, రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలకు తిండిలో కర్క్యుమిన్ కలిపితే సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు పని మందగించింది. కణాన్ని కాపాడే గుణం క్యాన్సర్ కణాన్ని కూడా కాపాడవచ్చు. ఎలుకలో జరిగింది మనిషిలో జరిగి తీరుతుందని అనను, కానీ కీమో రోజుల్లో డాక్టరుకు చెప్పకుండా గ్రాముల కొద్దీ మింగడానికి ఇది చాలినంత అడ్డు. అమెరికాలో కాలేయ వ్యాధుల అధ్యయన బృందం పసుపు బిళ్లల వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమందిని గుర్తించింది, వాళ్లలో ఒకరు చనిపోయారు. కొన్ని బిళ్లల్లో పైపెరిన్ కూడా ఉంది. కూరలో వేసే పసుపుకు ఈ భయం లేదు. అసలు కొమ్ముకు బదులు రంగు కొంటున్నామేమో అన్న భయం వేరే ఉంది. బంగ్లాదేశ్‌లో పసుపు పాలిష్ పట్టేచోట సీసంతో కూడిన పసుపుపచ్చ రంగు కలుపుతున్నట్టు 2019లో బయటపడింది. రోజుకు చెంచాల కొద్దీ పొడి మింగే రోగికి ఆ సీసం చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా పెద్ద నష్టం కాలంలో జరుగుతుంది. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో, ఇతర అవయవాలకు పాకని దశలోనే మామూలు వైద్యాన్ని పూర్తిగా వదిలి ప్రత్యామ్నాయ వైద్యానికి వెళ్లిన 281 మందిని, అలాంటి రోగంతోనే వైద్యం చేయించుకున్నవాళ్లతో పోల్చారు. చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువ, రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లకు మించి. నయమయ్యే దశలో ఉన్న రొమ్ము గడ్డ ఆరు నెలలు పసుపు పాల మీద గడిపితే, ఆ తర్వాత గుంటూరు పెద్దాస్పత్రి నాట్కో కేంద్రంలోనో, మంగళగిరి ఎయిమ్స్‌లోనో డాక్టరు చేతిలో మిగిలే పని మారిపోతుంది. నయం చేయడం పోయి నొప్పి తగ్గించడం మిగులుతుంది.

అయితే పసుపు వైపు వెళ్లేవాళ్లందరూ అమాయకులని అనుకోవడం అన్యాయం. కీమో వాంతులు, ఊడే జుట్టు, పనికి పోలేని రోజులు, సర్కారు పథకం మందుల ఖర్చు భరించినా తోడు మనిషి కూలీ, ఛార్జీలు, గుంటూరులో తిండి ఖర్చు ఎవరూ భరించకపోవడం, రెండు నిమిషాల్లో ముగిసే డాక్టరు మాటలు, ఇవన్నీ నిజాలు. పసుపు ఇచ్చే ఊరట అందులో ఉంది: దాన్ని ఇంట్లోవాళ్లు తమ చేతులతో కలిపి ఇవ్వగలరు. ఆ చేతులకు పని చెప్పే వైద్యం ఆస్పత్రి కూడా నేర్చుకోవాలి. కుట్టన్ లేపనం గుర్తుచేసుకోండి. కుళ్లిన రొమ్ము పుండు వాసనకు మనవలు కూడా దగ్గరికి రాని ముసలామెకు ఆ వాసన తగ్గించడం చిన్న మేలు కాదు. కణితి తగ్గుతుందన్న అబద్ధపు ఆశ లేకుండా ఆ మేలును మళ్లీ సక్రమంగా పరీక్షించడానికి అడ్డేమిటి?

కొత్త రూపాల్లో కర్క్యుమిన్ రక్తంలోకి చేరే దారులు వెతికే పని కూడా ఆగలేదు. 2020లో ఆర్మేనియాలో ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 150 మంది స్త్రీలకు పాక్లిటాక్సెల్‌తో పాటు సగంమందికి కర్క్యుమిన్‌ను నరం ద్వారా ఎక్కించారు. కణితి తగ్గినవాళ్లు ఆ వైపు నూటికి 51 మంది, అవతల 33 మంది. రోగం మళ్లీ ముదరడానికి పట్టిన కాలంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది కీమోకు తోడుగా, కీమో స్థానంలో కాదు. పెద్ద పరీక్షలు దీన్ని సమర్థిస్తే ఆ కర్క్యుమిన్ కూడా విన్‌క్రిస్టిన్ లాగే సీసాలో, మోతాదుతో, దుష్ఫలితాల పట్టికతో వస్తుంది. నన్ను అడిగితే ఈ ప్రాంతానికి అంతకన్నా దగ్గరి ప్రశ్న నోటిలో ఉంది. పొగాకు, గుట్కా నమిలేవాళ్ల బుగ్గల్లో వచ్చే తెల్లమచ్చల్లో కొన్ని, ఏళ్ల తర్వాత క్యాన్సర్ అవుతాయి. ఆ మచ్చలున్న 223 మందితో మన దేశంలోనే మోని కురియాకోస్ బృందం జరిపిన పరీక్ష 2016లో వచ్చింది. ఆరు నెలలు రోజుకు 3.6 గ్రాముల కర్క్యుమిన్ వాడినవాళ్లలో నూటికి 67 మందికి మచ్చలు కంటికి కనిపించేంత తగ్గాయి, ఉత్తుత్తి బిళ్ల తిన్నవాళ్లలో 55 మందికి. తేడా చిన్నది, నిజమైందే కావచ్చు. సూక్ష్మదర్శినిలో కణజాలాన్ని విడిగా చూసినప్పుడు మాత్రం ఆ తేడా నిలబడలేదు. తగ్గిన మచ్చ పదేళ్లకు క్యాన్సర్ కాకుండా ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే వేలమందిని, పొగాకు మాన్పించే ప్రయత్నం చేస్తూనే, ఏళ్ల తరబడి అనుసరించాలి. అందుకు కావలసినవన్నీ ఇక్కడున్నాయి: దుగ్గిరాల పసుపు ఉంది, తెనాలి, రేపల్లె, బాపట్ల ఊళ్లలో నోట్లో మచ్చతో తిరుగుతూ డాక్టరుకు చూపించుకోని మనుషులున్నారు, గుంటూరు చుట్టుపక్కల దంతవైద్య కళాశాలలున్నాయి. మొదటి మెట్టు పసుపు కూడా కాదు, ఆ నోళ్లు తెరిపించి టార్చి వేసి చూసి, అనుమానమున్న మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం.